నలభై రోజుల మరుపథ్యం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, దీపావళి వెళ్లిన వారానికి, దుత్తలూరు పక్క ఒక బావిగట్టు మీద నిలబడి కొలతలు తీస్తూ ఉండగా నా నోట్లోకి ఉప్పగా ఏదో వచ్చింది. ఉమ్మితే కఫంలో నెత్తురు జీర. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. బావి అడుగున టేపు కొస పట్టుకుని ఉన్న మేస్త్రీ, "ఎంత అన్నా? పద్దెనిమిదా, పంతొమ్మిదా?" అని కేక వేశాడు. పద్దెనిమిదిన్నర అని చెప్పి, కాలితో మట్టి జరిపి ఆ ఉమ్మిని కప్పేశాను.

నా పని మట్టి లెక్క. చెరువు కట్టకో, బావికో, రోడ్డుకో మట్టి తవ్వినప్పుడు ఆ గుంట ఎన్ని ఘనపుటడుగులో తేల్చి చెప్పడం. చదివింది మూడో తరగతి. ఎక్కాలు నాయన నేర్పాడు. మిగిలినదంతా ఓవర్సీర్ల వెనక నిలబడి, వాళ్లు కాగితం మీద కట్టేదాన్ని నేను నోట్లో కడుతూ నేర్చుకున్నదే. ఇరవై నాలుగు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, రెండున్నర లోతు అంటే మేస్త్రీ టేపు చుట్టేలోపల ఏడు వందల ఇరవై అనేవాణ్ణి. ఉదయగిరి నుంచి కొండాపురం దాకా మట్టిపని వాళ్లు నన్ను లెక్కలన్న అని పిలిచేవాళ్లు. లెక్క తప్పాడనే మాట నేను పడలేదు. గొప్పకు చెప్పడం లేదు. నా ప్రాణం మీదికి తెచ్చింది ఆ నమ్మకమే కాబట్టి చెబుతున్నాను.

ఆత్మకూరు ఆస్పత్రి డాక్టరు గోదావరి వైపు మనిషి. మర్యాదగా, మెత్తగా మాట్లాడేవాడు. కఫాన్ని అద్దం ముక్క మీద పూసి మైక్రోస్కోపులో చూశాడు. నెల్లూరు పంపి ఎక్స్‌రే తీయించాడు. "క్షయండి. కుడివైపు, ఊపిరితిత్తి పైభాగం" అన్నాడు. శానిటోరియంలో పడక కోసం నా పేరు రాశాడు గానీ అది ఎప్పుడు దొరుకుతుందో ఆయనకూ తెలియదు.

"అందాకా ఇంటి దగ్గరే మందు వాడండి. మెల్లగా మీ పని మీరు చేసుకోవచ్చు. బరువులు ఎత్తకూడదు, బావుల్లో దిగకూడదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

నాలుగేళ్ల కూతురు ఉందన్నాను.

"కఫం శుభ్రపడేదాకా ఆ పిల్లను వేరేచోట ఉంచండి. ఇది ఆలోచించుకునే సంగతి కాదండి."

పిల్లను కలువాయిలో మా అత్తగారింటికి పంపాం. బస్సు కిటికీలోంచి, "నువ్వు ఎక్కవా నాయనా?" అని అడిగింది. నేను తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాను.

మందుల సంగతి డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు. సూదులు ఇరవై, రోజు విడిచి రోజు, ఉదయగిరిలో కాంపౌండరు వేస్తాడు. పెద్ద మాత్రలు పూటకు ఐదు చొప్పున నాలుగు పూటలు, చిన్నవి రోజుకు మూడు. మాత్రలు రెండు నెలలకు ఇచ్చాడు. "రెండు నెలలకు రండి. మాత్రలు మాత్రం నేను ఆపమనేదాకా ఆపకూడదండి" అన్నాడు. అట్టాగే అన్నాను.

తిరుగు బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని లెక్క కట్టుకున్నాను. ఇరవై సూదులు, రోజు విడిచి రోజు. ఒకటో రోజు మొదటిది, ముప్పై తొమ్మిదో రోజు ఇరవయ్యోది, నలభయ్యో రోజు ఖాళీ. నలభై. అంటే మండలం. లెక్క అంత సరిగ్గా కుదిరేసరికి నాకు ధైర్యం వచ్చింది. డాక్టరు ఇంగ్లీషు చదివినవాడైనా మందు మన పద్ధతిలోనే ఇస్తున్నాడనుకున్నాను.

మా వైపు పెద్ద జబ్బుకు ఏ మందైనా మండలం తింటారు. నలభై రోజులు తిన్నాక మాని, ఇంకో నలభై రోజులు మరుపథ్యం ఉంటారు. ఆ రోజుల్లో మందు ముట్టకూడదు. పులుపు, నూనె, వంకాయ, గోంగూర కూడా ముట్టకూడదు. తిన్న మందు ఎముకకు పట్టేది మరుపథ్యంలోనే అని మా అమ్మ చెప్పేది. నాయన కామెర్లకూ అదే చేశాం, నా మోకాలి వాపుకూ అదే చేశాం. ఇది నాకెవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. గుణకారంలో పై అంకె మోసుకుపోవడం ఎంత తెలుసో ఇదీ అంతే తెలుసు.

డాక్టరు ఆపొద్దన్న మాట నేను మరిచిపోలేదు. ఆపడం వేరు, మరుపథ్యం వేరు అనుకున్నాను. మరుపథ్యం మందులో భాగమే గదా. రెండు నెలల మాత్రల్లో నలభై రోజులవి పోగా మిగిలే ఇరవై రోజులవి రెండో మండలానికి మొదలు పెట్టుకోవడానికి ఇచ్చాడని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఆయన్ను ఒక్క మాట అడగలేదు. లెక్క తెలిసినవాడు అడగడు.

ఆ నలభై రోజులూ ఒక్క పూట తప్పలేదు. పెద్ద మాత్రలు కడుపులో తిప్పేవి. సంకటి తిన్న వెంటనే ఐదూ మింగి, వాంతి రాకుండా గోడకు తల ఆనించి కూర్చునేవాణ్ణి. పదిహేనో రోజుకు సాయంత్రాలు వచ్చే జ్వరం పోయింది. సోమవారం సోమవారం ఉదయగిరి కొండ మెట్లు ఎక్కి ఊపిరి కొలుచుకునేవాణ్ణి. మొదటి వారం అరవయ్యో మెట్టు దగ్గర ఆగాను. ఐదో వారం నూట నలభై దాకా ఆగలేదు. బజారులో కోమటాయన వేరుశెనగ బస్తాలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టి, "రెండు వీశెలు పెరిగినావు లెక్కలన్నా. ఈ ఏడు కాయ కంటే నీకే గిరాకీ ఉండాది" అన్నాడు. నవ్వితే దగ్గు రాలేదు.

ఎనిమిది వందల పెద్ద మాత్రలు, నూట ఇరవై చిన్నవి అయిపోయిన నాడు డబ్బా మూత బిగించి అటక మీద పెట్టాను. రెండు నెలలకు రమ్మన్న రోజు మరుపథ్యం మధ్యలో పడుతుంది. మధ్యలో పోయి ఏం చేస్తాం, ఎనభై రోజులు నిండినాకే పోదాం అనుకున్నాను. శానా బాగుండాది అని అమ్మ సంతోషపడింది.

మరుపథ్యంలో ఇరవై ఆరో నాటి సాయంత్రం అరచేతులు వేడెక్కాయి. ఎండకు తిరిగాను కాబోలు అనుకున్నాను. మర్నాడూ వేడే. ఆ సోమవారం తొంభయ్యో మెట్టు దగ్గర కూర్చున్నాను. ఆ మరుసటి సోమవారం డెబ్బై. పథ్యం ఎక్కడో తప్పింది, లేకపోతే ఇట్టా కాదు అని తీర్మానించుకుని వంటింటి మీద పడ్డాను.

"చారులో పులుపు ఏసినావా?"

"ఏందయ్యా నువ్వనేది?" అంది నా భార్య. "చింతపండు కుండకు గుడ్డ కట్టింది కట్టినట్టే ఉండాది. దించి చూసుకో."

పొయ్యి పక్కన కూర్చున్న అమ్మ నా వైపు చూస్తూ ఆమెకు తగిలేట్టు అన్నది. "నాలుక కట్టుకోలేని కొంపలో మందు ఎట్టా పనిచేస్తాదిరా?"

"ఆయన నాలుక ఆయన నోట్లోనే ఉండాది అత్తా. నా కొంగున ముడేసుకుని తిరగతా ఉండానా?"

ఆ మర్నాటి నుంచి నా గంజి నేనే కాచుకున్నాను. ఉప్పు కూడా చిటికెడు చిటికెడు లెక్కపెట్టి వేసుకున్నాను. జ్వరం తగ్గలేదు. నా భార్య రోజూ ఒకే మాట అడిగేది, ఆత్మకూరు పోదామా అని. ఇంకా ఐదు రోజులుండాది, ఇంకా నాలుగుండాది అని చెప్పేవాణ్ణి. మధ్యలో తెంపితే తిన్న మందంతా వృథా అవుతుందని నా భయం. ఇప్పుడు రాస్తుంటే ఆ రోజుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి లాగాలనిపిస్తుంది. డెబ్బై ఎనిమిదో రోజు పొద్దున మళ్లీ నెత్తురు పడింది. అయినా మిగిలిన రెండు రోజులూ పూర్తి చేశాకే బస్సెక్కాను.

డాక్టరు బల్ల మీద డబ్బా పెట్టి మూత తీశాను.

"నాలుగు వందల పెద్దవి, అరవై చిన్నవి మిగిలినాయి సార్. ఒక్కటి కూడా పాడు కాలేదు."

ఆయన డబ్బాలోకి చూశాడు. నా ముఖం చూశాడు. "మిగలడమేంటండీ? ఇరవై రోజుల కిందటే అయిపోయుండాలి గదా."

"మండలం అయిపోయింది గదా సార్. మరుపథ్యం ఉన్నాను."

"ఎవరు చెప్పారు ఆపమని?"

"ఎవురూ చెప్పలేదు సార్."

మరుపథ్యం అంటే ఏమిటో నాచేత మొత్తం చెప్పించుకున్నాడు. నలభై ఎందుకు, పులుపు ఎందుకు, అన్నీ అడిగాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే నయంగా ఉండేది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నేను అడగవలసింది. ఇరవై సూదులంటే మీకిలా అనిపిస్తుందని నాకు తోచలేదు" అన్నాడు.

తర్వాత నాకర్థమయ్యే భాషలో చెప్పాడు. పురుగులు చాలా చచ్చాయి. చావకుండా మిగిలినవి మొండివి. సూదీ మాత్రా కలిసి వాటిని ఇంకా చాలా నెలలు తొక్కిపెట్టాలి. నేను నలభై రోజులు వదిలిపెట్టాను. ఆ మందుకు చావని పురుగులే ఇప్పుడు పెరిగాయో ఏమో, కళ్లతో చూస్తే తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటే. మందంతా మళ్లీ మొదలుపెట్టి మూడు నెలలు వేసి, కఫం చూడాలి.

"అప్పటికీ పురుగు కనపడితే?"

"ఈ మందులు ఇక మీకు పనిచెయ్యవండి. నా దగ్గర వేరే మందు లేదు. పడక దొరికితే పక్కటెముకలు తీసి ఊపిరితిత్తిని అణిచే ఆపరేషన్ ఒకటుంది. దొరికితే."

"బిడ్డ సంగతి సార్?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఇంటికి వచ్చి నా భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు చింతపండుది కాదని కూడా. ఆమె డబ్బా నా చేతిలోంచి తీసుకుంది.

"మట్టి లెక్క నువ్వు కట్టుకో. ఇది నా దగ్గర ఉంటాది. నా ఎదురుగా మింగాల, మింగి నోరు తెరిచి చూపించాల."

"నేనేమన్నా చంటిబిడ్డనా మే?"

"చంటిబిడ్డయితే అడిగి తింటాది."

అమ్మ ఒకటి రెండు రోజులు గొణిగింది. మరుపథ్యం లేని మందు ఒంట్లో విషమవుతుందని దిగులు. తర్వాత ఆమే మాత్రల వేళకు, "ఎండ గడప దాటింది, ఈయలేదా?" అని కోడలికి గుర్తుచేయడం మొదలుపెట్టింది.

అది చెరువులు ఎండే కాలం. కట్టల మరమ్మతు పనులు ముమ్మరంగా ఉన్నాయి. నేను పని మానలేదు. మూత ఉన్న రేకు డబ్బాలో బూడిద పోసుకుని వెంట తీసుకుపోయేవాణ్ణి, ఉమ్మి అందులోనే. సాయంత్రం డబ్బాలోది చెత్తతో కలిపి తగలబెట్టేవాణ్ణి. టీ బంకులో నా గ్లాసు వేరే మేకుకు తగిలించి ఉండేది. మొదట్లో దాన్ని చూస్తే సిగ్గేసేది. తర్వాత నా గ్లాసు ఏదని నేనే అడిగేవాణ్ణి.

నెలా పది రోజులకు చెవిలో జుమ్మని మోత మొదలైంది. నేల కూడా మెత్తగా అనిపించేది. ఒకనాడు కట్ట మీద నడుస్తూ పక్కకు తూలాను. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. సాయిబు, నాతో పదిహేనేళ్ల స్నేహం.

"సర్కారు కల్లు మూయించి ఇన్నేళ్లయింది. నీకు మాత్రం యాడ దొరకతా ఉండాది అన్నా? నాకూ చెప్పొచ్చు గదా!"

"నువ్వు తాగవు గదరా."

"తాగనులే. అడ్రసు తెలిస్తే మంచిది గదా." నవ్వుతూనే నన్ను గట్టు కిందికి నడిపించి రాయి మీద కూర్చోబెట్టాడు. "ఇంకమీద నువ్వు ఈడ్నే కూర్చో. కొలత నేను అరస్తా, నువ్వు కట్టు."

సూది మందుకు చెవి పోవచ్చని, మోత వస్తే వెంటనే చెప్పాలని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. చెబితే సూదులు ఆపుతాడు. ఆపితే పురుగులకు మళ్లీ సందు దొరుకుతుంది. చెవి పోయినా ఊపిరి నిలిస్తే చాలదా అనుకున్నాను. మళ్లీ, మేస్త్రీ అరిచే అంకె వినపడకపోతే నేనెందుకు పనికొస్తాను? ఇంట్లో టైంపీసును పెట్టె మీద పెట్టి, ఒక్కొక్క చెవి మూసుకుని, ఎన్ని అడుగుల దూరం దాకా టిక్కుమనడం వినపడుతుందో చూసుకున్నాను. కుడి చెవికి ఎనిమిది అడుగులు. ఎడమ చెవికి ఐదు. నాలుగు రోజుల తర్వాత ఎడమ చెవికి నాలుగు.

గోడవైపు తిరిగి చెవి మూసుకుని నిలబడ్డ నన్ను నా భార్య చూసింది.

"ఏందది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే గడియారానికి దణ్ణం పెడతా ఉండావా?"

చెప్పాను. డాక్టరుకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నానని కూడా అన్నాను. "మళ్లీ నువ్వే లెక్క కడతా ఉండావు" అన్నది ఆమె. మర్నాడు మొదటి బస్సుకు ఆత్మకూరు పోయాం.

డాక్టరు నన్ను గీత మీద నడవమన్నాడు, కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. నేను పక్కకు ఒరిగాను. సూదులు ఆపలేదు గానీ వారానికి రెండు చేశాడు. "మాత్రలు ఒక్క పూట కూడా తగ్గకూడదు. చెప్పి మంచిపని చేశారు" అన్నాడు. ఆ మంచిపని నాకు నిద్ర లేకుండా చేసింది. రోజు విడిచి రోజు వేస్తే చావని పురుగు వారానికి రెండింటికి చస్తుందా? ఈ లెక్కకు ఎక్కం లేదు. మిగిలిన రోజులు ఆమె ఇచ్చిన మాత్ర మింగి, నోరు తెరిచి చూపించి, పనికి పోయి, వచ్చి గడిపాను. జ్వరం తగ్గిందని నమ్మబుద్ధి కాలేదు. కిందటిసారీ తగ్గింది.

మూడు నెలలు నిండిన రోజు, మంచి ఎండల్లో, ఇద్దరం ఆత్మకూరులో దిగాం. మూడు పొద్దుల కఫం డబ్బీలు అప్పగించాను. అద్దం ముక్కలకు రంగు పూసి, కడిగి, ఆరబెట్టేసరికి పదకొండు దాటింది. నా భార్యను వరండాలో కూర్చోబెట్టి నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన మైక్రోస్కోపు మీద వంగి, ఒక చోటు చూసి, మర తిప్పి, ఇంకో చోటు చూస్తున్నాడు. ఒక్కొక్క అద్దం మీద వంద చోట్ల చూస్తానని చెప్పాడు. ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా నేను లెక్కపెట్టాను. మొదటి అద్దం అయింది, ఏమీ అనలేదు. రెండోదీ అయింది. మూడోదానిలో అరవై మూడో చోట చెయ్యి ఆగింది. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. నాకు చెవిలో మోత పెరిగి ఇంకేమీ వినపడలేదు. ఆయన చెయ్యి కదిలింది. అరవై నాలుగు.

వంద అయ్యాక లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"కనపడలేదండి."

"మధ్యలో ఆగినారు సార్."

"రంగు మడ్డి. పురుగు కాదు. మందు పనిచేస్తోంది." ఆగి మళ్లీ అన్నాడు. "కనపడలేదన్నాను, లేవనలేదు. మాత్రలు ఇంకో ఏడాదిన్నర. నెలకొకసారి కఫం చూస్తాను. ఇంకో రెండు నెలలు ఇలాగే శుభ్రంగా ఉంటే పిల్లను తెచ్చుకోండి."

వరండాలోకి వచ్చి చెప్పాను.

"ఎన్ని చోట్ల చూసినాడు?" అంది నా భార్య.

"అద్దానికి వంద."

"నూట ఒకటో చోట ఉంటే?"

ఆ ప్రశ్న నేను వెయ్యాల్సింది. "అందుకే ఏడాదిన్నర మాత్రలంట" అన్నాను.

బస్సుల దగ్గరికి వచ్చేసరికి కలువాయి బస్సు ఇంజను ఆడుతూ నిలబడి ఉంది. పైన మూటలు కట్టేశారు, లోపల రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. నా కాళ్లు అటే పోయాయి.

"దూరం నుంచి చూసి వద్దాం మే. దగ్గరికి పోను. వీధిలోనే నిలబడతా."

ఆమె కూడా ఆ బస్సు వైపే చూస్తూ ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కండక్టరు తలుపు చరిచాడు.

"ఎన్ని నెలలన్నాడు?"

"రెండు."

"వీధిలో నిలబడితే అది ఇంట్లో ఉంటాదా? పరిగెత్తుకొచ్చి కాళ్లు పట్టుకుంటాది. అప్పుడు తోసేస్తావా?"

బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లింది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. తర్వాత ఆమె ఉదయగిరి బస్సెక్కి, కిటికీ పక్కన నాకు చోటు వదిలి కూర్చుంది. మూట విప్పి, చెంబులో నీళ్లు సరిచూసుకుని, మధ్యాహ్నం పూటవి ఐదు నా అరచేతిలో పోసింది.